దత్తాత్రి సార్ ఇంట్లో థైమస్

సిద్దిపేటలోని ఒకానొక కాలనీలో రోగనిరోధక వ్యవస్థను ప్రవేశపెట్టినట్లు ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమైనది. దీని రూపకర్త కాలనీ సంఘం అధ్యక్షులు, జంతుశాస్త్రం బోధించి రిటైరైన దత్తాత్రి సార్. కారణం, మూలమీది ఖాళీ జాగ. అక్కడ ఎవరో చెత్త పారేస్తున్నారు. తనిఖీ నాటికి ఆ జాగ శుభ్రంగా ఉంటే పిల్లల పార్కు మంజూరు చేస్తామని అధికారులు మాటిచ్చారు. పార్కుకు శిలాఫలకం ఉంటుంది. ఫలకం మీద అధ్యక్షుల పేరుంటుంది. అందుచేత పిల్లల ఆటపాటల మీది బెంగతో సార్‌కు నిద్ర పట్టడం లేదు.

సంఘం సమావేశంలో సార్ ఉపన్యసించారు. “రొమ్ము ఎముక వెనకాల థైమస్ అని ఒక గ్రంథి ఉంటది. ఎముక మజ్జల పుట్టిన కణాలు గాడికి చదువుకోను పోతయి. బయటి పొరల మొదటి పరీక్ష: మన శరీరాన్ని గుర్తుపడుతున్నదా లేదా? పాసైనవి లోపలి పొరకు నడుస్తయి. గాడ రెండో పరీక్ష: మన శరీరం మీదికే ఎగబడుతున్నదా? ఎగబడితే ఖతం. నూటికి రెండో మూడో బతికి, నెత్తుట్ల కలిసి కావలి కాస్తయి. మన కావలి దళాన్ని గూడ గట్లనే ఎన్నుకుందాం!”

అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఉపన్యాసం అయిపోయినందుకని సార్‌కు తట్టలేదు.

సార్ వరండా బయటి పొర అయింది, హాలు లోపలి పొర అయింది. వరండాలో కాలనీవాసుల ఫోటోలు చూపించారు. ఏళ్ల తరబడి గోడకు గోడ ఆనించుకుని కాపురముంటున్నవారు ఒకరినొకరు గుర్తుపట్టలేక సగానికి సగం అక్కడే తప్పారు. మిగిలినవారికి ఎదురుగా హాల్లో కాలనీ పెద్దలను కూర్చోబెట్టారు. పాత పార్కింగ్ తగాదాలు గుర్తొచ్చి చాలామంది ఎగబడ్డారు. థైమస్‌లో తప్పిన కణాలు చచ్చిపోతాయి. ఇక్కడ చాయ్ ఇచ్చి పంపారు. అందరినీ గుర్తుపట్టి, ఎవరినీ ఏమీ అనని మహానుభావులు ఇద్దరు తేలారు: కిరాణం కాశయ్య, రిటైరైన కండక్టర్ రాజం. వారికి ఈలలు, టోపీలు ఇచ్చి పెరటి తలుపు గుండా వీధిలోకి వదిలారు.

కావలి మొదలయ్యాక చెత్త రెట్టింపైంది. ఇది బయటివాళ్ల కుట్ర అని సార్ ప్రకటించారు.

తనిఖీ రోజు పొద్దున సార్ అద్దం ముందు స్వాగతోపన్యాసం సాధన చేస్తుండగా చెత్త బండి పాట పాడుకుంటూ వెళ్లిపోయింది. “కంపు గొడుతుంది, ఇంట్ల పెట్టుకొని పూజ చేస్తరా?” అని భార్య త్రివేణి తడి చెత్త కవరు చేతిలో పెట్టింది. సార్ అటూ ఇటూ చూసి మూలమీదికి నడిచారు. ఒక్క కవరే కదా, పైగా అధ్యక్షుల కవరు. విసిరి వెనుదిరిగితే ఎదురుగా కాశయ్య. సార్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కాశయ్య సెల్యూట్ కొట్టాడు. “ఏం గాదు సార్, మీరు మనోళ్లే గద. గిదంత మనోళ్లు ఏసిందే. మనోళ్ల మీదికి పోవద్దని మీరే చెప్పిన్రు.”

శరీరంలోని కణమే చెడిపోతే దాన్ని క్యాన్సర్ అంటారనీ, కావలి కణాలు దాన్ని కూడా పట్టుకోవాలనీ సార్ చెప్పబోయారు. కవరు తనదే కాబట్టి ఆ పాఠాన్ని సిలబస్‌లోంచి తీసేశారు.

అంతలో అటువైపు నుంచి ఈల మోగింది. రాజం ఒకాయన కాలరు పట్టుకొని లాక్కొస్తున్నాడు. “దొరికిండు సార్! జాగల తిరుగుతుండు. మొఖం ఎన్నడు చూడలే, మనోడు కాదు!”

ఆయన తనిఖీ అధికారి. పార్కు పక్క కాలనీకి పోయింది.

ఆ సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమై, చొరబాటుదారుణ్ణి పట్టుకున్నందుకు దళాన్ని, అలాంటి దళాన్ని తయారుచేసినందుకు సార్‌ను శాలువాలతో సత్కరించింది. సార్ సిగ్గుతో తల దించుకున్నారు. వినయమనుకుని జనం ఇంకాస్త చప్పట్లు కొట్టారు.

ఇది చదివి నవ్వుతున్న పాఠకులు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. చేతిలో కవరేదైనా ఉంటే అక్కడే విసిరి వెళ్లవచ్చు. మీరూ మనవాళ్లే.