నాలుగుంబావు అంగుళాల ఎదుగుదల

పాఠకులారా, మీ బండి పొట్టకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో మీకు తెలుసా? తెలియదా! మరి తిన్న అన్నం ఎలా అరుగుతోంది మీకు?

సొంత అనుభవంతో చెబుతున్నాను. ఒక సంసారం బాగుండాలంటే చదువు, ఆరోగ్యం, మంచి ఇరుగుపొరుగు ఇవేవీ చాలవు. బండికి గట్టి ఇరుసులు కావాలి. అవి నేలకి వీలైనంత ఎత్తులో ఉండాలి. మొదటిదాన్ని బలం అంటారు, రెండోదాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. ఈ రెండూ లేని బండిలో తిరిగేవాళ్ళని చూస్తే నాకు జాలి. పదకొండు నెలల కిందటి దాకా నేనూ అలాంటి అభాగ్యుణ్ణే.

ఒక చిన్న విషయం ముందే ఒప్పుకుంటాను. ఆ బండి నాది కాదు. మా ఆవిడది.

మా ఆవిడ పశువుల డాక్టరు. కొండల్లో, గుట్టల్లో విసిరేసినట్టున్న ఫారాలకి మందుల పెట్టె వేసుకుని తన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులో తిరుగుతుంది. నేను రచయితను. అంటే, వంటింటి పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చుని వారానికోసారి పత్రికలో లోకానికి బుద్ధి చెబుతుంటాను. ఆ గదికీ వంటింటికీ మధ్య గడప ఒకటి ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండానే దాటుతున్నాను.

ఒకరోజు మా ఆవిడ ఇంటికి వచ్చేసరికి బండి వెనక దారి పొడుగునా నూనె చుక్కలు. కొండ మీద పది ఆవులతో ఫారం నడుపుకునే ఒక అవ్వ ఉంది. ఆవిడ ఫారానికి పోయే బాటలో ఒక రాయి పొడుచుకుని ఉందట. అది బండి అడుగున తగిలింది.

"గుండుకి చీలిక పడింది. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుంది" అంది మా ఆవిడ, చేతులు కడుక్కుంటూ.

నేను మొదటి వాక్యం విన్నాను. రెండోది వినలేదు. గొప్ప పనులన్నీ ఇలాగే మొదలవుతాయి!

గుండు అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. నాకూ తెలియదు ఆ రోజుదాకా. వెనక ఇరుసు నట్టనడుమ పుచ్చకాయంత ఇనప గుండు ఒకటి ఉంటుంది. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది అదే. డిఫరెన్షియల్ అంటారు. బండి మొత్తంలో నేలకి అన్నిటికన్నా దగ్గరగా వేలాడేది కూడా అదే. రాళ్ళకి దానిమీదే కన్ను.

నాలుగు రోజుల్లో డెబ్భై రెండు వీడియోలు చూశాను. అయిదో రోజుకి నాకు తెలియనిది లేదు. అయిదో రోజుకి తెలియనిది లేనివాడు ఆరో రోజున ఎక్కడికి వెళ్తాడు? మెకానిక్ దగ్గరికి.

మెకానిక్ షెడ్డులో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. మాట పొదుపు. బండి కిందకి దూరి, బయటికి వచ్చి, "వెల్డింగ్ చేస్తే సాయంత్రానికి పట్టుకెళ్ళచ్చు సార్" అన్నాడు.

"వెల్డింగా!" అని నవ్వాను. జ్వరానికి తడిగుడ్డ చాలన్నవాణ్ణి చూసి స్పెషలిస్టు నవ్వినట్టు. "బండి లేపండి."

పొడుగాటి స్ప్రింగులు వేసి మూడంగుళాలు లేపాడు. బండి అలా రొమ్ము విరుచుకుని నిలబడితే నాకు కళ్ళు చెమర్చాయి. ఇంటికి తెచ్చి మా బావమరిదికి చూపించాను. అతను లెక్కల మాస్టారు. చూసి మెచ్చుకోవచ్చుగా? స్కేలు తెచ్చుకుని బండి కింద పడుకున్నాడు.

"బావా, ఇదివరకు గుండు నేలకి ఎంత ఎత్తులో ఉండేది?"

"ఎనిమిది అంగుళాలు."

"ఇప్పుడూ ఎనిమిదే."

"నీ స్కేలు తప్పు."

"స్కేలు తప్పు కాదు బావా. స్ప్రింగులు ఉండేది ఇరుసు పైన. నువ్వు లేపింది క్యాబిన్‌ని. ఇరుసు ఎక్కడిదక్కడే ఉంది. రాయి తగిలేది క్యాబిన్‌కా, గుండుకా?"

చూశారా! ఎదుగుదల అంటే ఇదీ. పైన చూసేవాళ్ళకి మూడంగుళాలు, కింద తగిలేదానికి సున్నా. పిసరంత క్లియరెన్స్ కూడా పెరక్కుండా ఇంత గాంభీర్యం తెచ్చుకోవడం మామూలు విషయమా? మా పత్రికాఫీసులో ఎడిటర్లయినవాళ్ళు కూడా ఇంతకన్నా పెద్దగా సాధించింది లేదు. నన్ను నేను ఈ లెక్కలోంచి మినహాయించుకోవడం లేదు.

ఇరుసు పైకి లేవాలంటే చక్రం పెద్దది కావాలి. మూడంగుళాలు పెద్ద టైర్లు వేయించాను. మేస్త్రి ఒకటే మాటన్నాడు: "ఇంత బరువు టైరు తిప్పాలంటే లోపలి షాఫ్టు తట్టుకోదు సార్." నేను విననట్టు ఊరుకున్నాను. టైరు పెరిగినదాంట్లో సగం కలిసొచ్చి, గుండు తొమ్మిదిన్నర అంగుళాలకి లేచింది. బావమరిది స్కేలుతో ధ్రువపరిచాడు. ఆ పూట అతనికి రెండు కప్పుల టీ ఇచ్చాను.

షాఫ్టు విరిగింది. ఏ కొండ కొమ్ము మీదో, ఏ వాగు నడుమో విరిగితే చెప్పుకోవడానికి బావుండేది. కూరగాయల మార్కెట్ మలుపులో విరిగింది. నేనే నడుపుతున్నాను. అప్పుడు బండిలో ఉన్న సరుకు రెండు కట్టల కొత్తిమీర. నలుగురు చేరి తోస్తుంటే, అందులో ఒకాయన "ఏమండీ, ఇంత పెద్ద బండి, ఏమన్నా మోస్తుందా?" అని అడిగాడు. కొత్తిమీర చూపించలేక స్టీరింగ్ మీదకి తల వంచుకున్నాను.

మా ఆవిడ ఏమంది? బండి మొదటిసారి షెడ్డుకెళ్ళిన రోజు నుంచీ వాడుతున్న తమ్ముడి చిన్న కారులోనే పనికి వెళ్ళింది. అంతా నీకోసమేగా, కాస్త ఓపిక పట్టు అన్నాను. "పడుతున్నానుగా" అంది. ఆ మాటలోని విరుపు నాకు ఇప్పుడు వినిపిస్తోంది. అప్పుడు టైర్ల చప్పుడులో వినపడలేదు.

సరే, షాఫ్టు విరిగింది కదా, గట్టి ఇరుసు వేద్దాం. ఒక పాత పెద్ద లారీ ఇరుసులు దొరికాయి. ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. బిగించడానికి రెండు నెలలు పట్టింది. బిగించాక బావమరిది మళ్ళీ స్కేలుతో కిందకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. నవ్వు ఆపుకోవడానికి టైం తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

"బావా, ఏడూ ముప్పావు."

"ఏమిటీ!"

"గట్టి ఇరుసుకి గుండు కూడా లావుగా ఉంటుందిగా. కిందకి దిగింది. మొదట ఉన్నదానికన్నా పావు అంగుళం తక్కువ."

ఎనిమిది నెలలు! డెబ్భై రెండు వీడియోలు! పావు అంగుళం తక్కువ!

మేస్త్రి ఆ రోజు తన జీవితంలోకెల్లా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. "బలం కావాలంటే గుండు లావెక్కుద్ది సార్. ఎత్తు కావాలంటే గుండు సన్నంగా ఉండాలి. రెండూ కావాలంటే చక్రాల దగ్గర గేరు పెట్టెలు పెట్టి, ఇరుసుని చక్రం మధ్యకన్నా పైకి ఎత్తాలి. అయినా అడుగుతానని కాదు... అమ్మగారు వెళ్ళేది ఎక్కడికి?"

ఎంత అమాయకపు ప్రశ్న! ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడైనా వెళ్తేగా!

గేరు పెట్టెలు పెట్టించాను. గుండు పన్నెండుంబావు అంగుళాలకి లేచింది. మొదటినుంచీ లెక్కేస్తే నాలుగుంబావు అంగుళాల నికర ఎదుగుదల!

దీనివల్ల కుటుంబానికి కలిగిన మేలు ఇంతా అంతా కాదు. బండి పోర్టికోలో పట్టదు కాబట్టి వీధిలో ఉంటుంది, ఊరంతా చూస్తుంది. వ్యాయామం సంగతా? మా అత్తగారు స్టూలు ఎక్కి, నా భుజం ఆసరాతో సీటెక్కి, కిందకి చూసి, "అల్లుడుగారూ, దిగేటప్పుడు ఫైరింజన్‌కి ఫోన్ చేస్తారా?" అన్నారు. ఇదివరకు జబ్బు చేసిన మేకని మా ఆవిడ ఒక్కతే ఎత్తి బండి వెనక పడుకోబెట్టేది. ఇప్పుడు వెనక తలుపు ఆమె ఛాతీ ఎత్తున ఉంది. ఇద్దరు పట్టాలి. రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడన్నది నేను ఆలోచించని విషయం.

ఇక అసలు ప్రారంభోత్సవం. ఒక మధ్యాహ్నం కొండ మీది అవ్వ నుంచి ఫోను. చూడి ఆవు పొద్దుటి నుంచీ నొప్పులు పడుతోంది, దూడ రావడం లేదు. మా ఆవిడ తమ్ముడి కారు తాళాలు తీసుకోబోతుంటే అడ్డం పడ్డాను.

"ఇలాంటి రోజు కోసమేగా ఇన్నాళ్ళూ కష్టపడింది! నేను తీసుకెళ్తాను. ఎక్కు."

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసింది. వాదించడానికి టైం లేదన్నట్టు మందుల పెట్టె నాకిచ్చి, రెండు చేతులతో పైకి పాకింది.

కొండ బాట ఎక్కాం. గుంటలు వస్తున్నాయి, పోతున్నాయి. నా బండికి తెలియనే తెలియడం లేదు! ఆ రాయి ఎప్పుడొస్తుందా అని ముందుకి వంగి చూస్తున్నాను. దానిమీంచి ఠీవిగా దాటిపోయి, వెనక్కి చూసి నవ్వాలని పదకొండు నెలల కోరిక. ఎంతకీ రాదే!

"రాయి ఏది?" అన్నాను.

"ఏ రాయి?"

"ఆ రాయి! గుండు పగలగొట్టింది!"

"అదా. తీసేశాం. తమ్ముడి కారు పొట్ట ఆనుతోందని నేనూ అవ్వా గడ్డపార పెట్టి లేపేశాం. అరగంట పట్టింది."

"ఎప్పుడు?"

"బండి షెడ్డుకెళ్ళిన రెండో వారం."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు వీడియో చూస్తున్నారు."

పాఠకులారా, ఆ తర్వాత ముందుకి వంగడం మానేసి సీటుకి జారబడ్డాను. ఇంజన్ కూడా కాస్త తగ్గి మాట్లాడినట్టే అనిపించింది.

ఫారం గేటు దగ్గర ఆగిపోయాం. గేటుకి పైన అడ్డంగా ఒక దూలం ఉంది. నా బండి దానికన్నా పొడుగు. మా ఆవిడ అప్పటికే దూకి, పెట్టె పట్టుకుని పరిగెత్తుతోంది. దిగడానికి నాకు స్టూలు లేదు. ఎలా దిగానో అడక్కండి.

కొట్టంలో ఆవు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దాని కళ్ళు చూడలేకపోయాను. అవ్వ తల నిమురుతూ ఏదో గొణుగుతోంది. మా ఆవిడ చొక్కా చేతులు భుజం దాకా మడిచి, సబ్బు నీళ్ళు పోసుకుని, నేల మీద పడుకుని, చెయ్యి లోపలికి పెట్టింది. దూడ ముందు కాలు ఒకటి వెనక్కి మడతపడిందట. దాన్ని లోపలే సరిచెయ్యాలి. ఆవు ముక్కినప్పుడల్లా ఆమె చెయ్యి నలిగిపోతోందని ముఖం చూస్తే తెలుస్తోంది. పెదవి కొరుక్కుంటుంది, ఆవు వదలగానే మళ్ళీ వెతుకుతుంది. పద్దెనిమిదేళ్ళ కాపురం. ఆమె సాయంత్రం పూట కుడి భుజం ఎందుకు నొక్కుకుంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"దొరికింది" అంది చివరికి. దూడ కాళ్ళకి తాడు ఉచ్చు వేసి, రెండో కొస నా వైపు విసిరింది. "పట్టుకోండి. ఆవు ముక్కినప్పుడే లాగాలి. అది ఆపితే మీరూ ఆపాలి. మీ తెలివి వాడద్దు."

వాడలేదు. అది ముక్కింది, లాగాను. అది ఆపింది, ఆపాను. నా వెనక అవ్వ కూడా తాడు పట్టింది. అరచేతులు మండుతున్నాయి. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి తాడు వదులై అవ్వా నేనూ గడ్డిలో వెల్లకిలా పడ్డాం. లేచి చూస్తే, తడితడిగా, కదలకుండా ఒక దూడ.

కదలడం లేదు. మా ఆవిడ దాని మూతి తుడిచింది, ముక్కులో గడ్డిపరక పెట్టి కదిపింది, పక్కటెముకలు గడ్డితో గట్టిగా రుద్దింది. "రా తల్లీ, రా" అంటోంది. నేను, పది వారాలకి సరిపడా మాటలు నిల్వ ఉంచుకునేవాణ్ణి, పొడి గడ్డి ఏరి ఆమె చేతికి అందిస్తున్నాను.

దూడ తుమ్మింది.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నన్ను పరీక్షగా చూసింది. "మీ ఆయన బానే లాగాడు డాక్టరమ్మా. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు మనిద్దరం చేతులు పడిపోయేలా లాగామో! ఈయన్ని ఎప్పుడూ తీసుకురావేం?"

మా ఆవిడ చేతులు కడుక్కుంటోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆయనకి తీరిక ఉండదవ్వా. నాకోసం బండి బాగుచేయిస్తుంటారు."

కాబట్టి, పాఠకులారా, నా సలహా స్పష్టం. ఇరుసులు మార్పించండి. ముఖ్యంగా, ఇంట్లో మనిషి ఏ పని చేస్తుందో, దేనికి అలిసిపోతుందో కళ్ళారా చూడాల్సి వస్తుందేమోనని భయపడే ప్రతివాడూ తక్షణం మార్పించాలి. దీన్ని మించిన రక్షణ లేదు. వెల్డింగ్‌తో సరిపెట్టుకుంటే సాయంత్రానికి బండి ఇంటికొచ్చేస్తుంది. మర్నాడు ఆమె "తోడు వస్తారా?" అని అడిగితే ఏం చెబుతారు? నాకు పదకొండు నెలలు ఆ ప్రశ్న ఎదురే కాలేదు. నా కష్టమంతా నీకోసమే అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగాను కూడా!

ఈ మాటలు రాస్తుండగానే మేస్త్రి ఫోను చేశాడు. ఇన్నాళ్ళకి ఆయనకీ ఈ పిచ్చి అంటుకుంది.

"సార్, కొత్త రకం డిఫరెన్షియల్ లాకులొచ్చాయి. బురదలో ఒక చక్రం జారినా రెండోది లాగుద్ది. రేపు బండి తెస్తారా?"

"రేపు కుదరదు మేస్త్రీ. ఈ వారమంతా కుదరదు. రెండు ఆవులకి నెలలు నిండాయి."



"ఆవులా? అక్కడ మీరేం చేస్తారు సార్?"

"తాడు పట్టుకుంటాను" అన్నాను.