ఉమాకాంతుని ఏకస్పర్శ సంగ్రామం

తపతీ తరంగ శీతల సమీరాలు పాండేసర మిల్లుల పొగతో కలిసి కలుషితమై వీస్తుండగా, సాంచలనబడే మరమగ్గాల టకటకారావం దశదిశలనూ చెవిటివి చేస్తుండగా, దసరా మరునాటి ఉదయం పది గంటలకు, సూరత్ మహానగరంలోని ఒక రెండుగదుల అద్దె ఇంట ఘోరసంగ్రామం మొదలైంది. వినండి. మీరు వినకపోతే ఆ వీరుడే వచ్చి వినిపిస్తాడు, అది ఇంతకంటే పొడుగు.

ఆ వీరుడు ఉమాకాంతుడు. చీర అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసి మిల్లులకు అమ్ముకునే రేఖావిన్యాసచక్రవర్తి, స్వయంప్రకటిత యంత్రవిద్యాపారంగతుడు. పదకొండేళ్ల డిజైన్లన్నీ ఒకే ఒక్క ముసలి హార్డ్ డిస్కులో ఉన్నాయి. అది వారం నుంచి కటకటమంటోంది. అది పోతే ఇంటి బతుకుతెరువే పోతుంది. ఇన్నేళ్లలో ఇంకో కాపీ ఎందుకు తీయలేదని అడగకండి. పండితులకు అంతటి అల్పకార్యాలకు తీరిక ఉండదు.

ఎట్టకేలకు ఒక కొత్త డిస్కూ, దాన్ని నిలబెట్టే డాకింగ్ స్టేషనూ కొనితెచ్చాడు. 'ఒక్క స్పర్శ చాలు, సర్వం సురక్షితం' అని డబ్బా మీద రాసి ఉంది. డాక్ ముందున్న బటన్ నొక్కితే డిజైన్లన్నీ వాటంతటవే కొత్త డిస్కులోకి చేరతాయట. నిన్న ఆయుధపూజలో ఆ యంత్రానికి నుదురు ఏదో నిర్ణయించి, అక్కడ దట్టంగా గంధం మెత్తి, స్వహస్తంతో కుంకుమ దిద్దినవాడూ ఇతడే.

మౌసాయుధపాణి సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. 'డాక్ మీది బటన్ నొక్కండి' అని తెర ఆజ్ఞాపించింది. నొక్కాడు. చలనం లేదు.

"ఓసి డబ్బా! నేనెవరనుకున్నవ్? పాండేసరల నా డిజైన్ నెయ్యని సాంచ లేదు! నాకు లొంగని మెషీన్ ఇంకా పుట్టలే! చాలూ అయితవా, లేదా?" అని గర్జించాడు.

డబ్బా బెదరలేదు. అంతట ఆ రోషారుణలోచనుడు బొటనవేలితో పొడిచి, పిడికిలితో మోది, కేబుల్ పీకి, అటుది ఇటు గుచ్చి, సాఫ్ట్‌వేర్‌ను మూడుసార్లు పెకలించి మూడుసార్లు పునఃప్రతిష్ఠించి, రీస్టార్ట్ అనే బ్రహ్మాస్త్రాన్ని ఐదోమారు ప్రయోగించి, చెమటతో తడిసి, కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే ముసలి డిస్కు మళ్లీ కటకటమంది. ఈసారి మాత్రం అతడికి నిజంగానే భయం వేసింది, నోట మాట రాలేదు.

ఆ నిశ్శబ్దానికి ఆశ్చర్యపడి భార్య సుభాషిణి వంటింట్లోంచి వచ్చింది.

"ఏందయ్యా, పొద్దుగాల్నుంచి గా డబ్బాతోని లొల్లి?"

"సాఫ్ట్‌వేర్ ఖరాబున్నదే. నీకు సమజ్ గాదు. జర పక్కకు జరుగు."

ఆమె జరగలేదు. వంగి చూసింది.

"సాఫ్ట్‌వేర్ నాకెర్క లేదు గని, బటన్ లోపల్కి పోయి ఆడ్నే పట్టుకున్నది. నిన్న గంధం దాని మీదనే మెత్తితివి. ఎండి గట్టిగయింది. నువ్వింక దేన్ని ఒత్తుతున్నవ్? ఎన్కకు పెట్టమంటే విన్నవా?"

"బొట్టు నొసట పెడ్తరు గని ఈపుకు పెడ్తరా?" అన్నాడు విజ్ఞానఖని.

సుభాషిణి మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి బటన్ చుట్టూ గీకింది. బటన్ టక్కున పైకి లేచింది. ఒక్కసారి నొక్కింది. పచ్చదీపం వెలిగింది. ఉమాకాంత్ మొట్టమొదట అమ్మిన మామిడిపిందెల అంచు తెర మీద కదిలి, కొత్త డిస్కులోకి వెళ్లిపోయింది. అతడి కళ్లు చెమర్చాయి.

జయము! అరిభయంకరునికి జయము! ఒక్క శాతం జయము! మిగిలినదానికి ఇంకా ఆరు గంటలు.

"చూసినవా? నేను సెట్ చేసిన!" అంటూ ఆ కృతజ్ఞతాపూరితహృదయుడు యంత్రానికి మరో బొట్టు దిద్దడానికి గంధం గిన్నెలో వేలు ముంచాడు. సుభాషిణి ఆ చేతి మీద చెళ్లున ఒక్కటి వేసింది.

డబ్బా మీద రాసినట్టే, ఒక్క స్పర్శతో సర్వం సురక్షితమైంది.