అమరుడు నవ్వడు

జూన్ రెండు పొద్దున ఎల్లేశం అనుకున్నది ఒక్కటే. పంజాగుట్టలో కూతురింట్లో ఉంటున్న మంగవ్వను తీసుకొచ్చి, అమీర్‌పేటలో తమ గల్లీ మొదట కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబెట్టాలి. తెలంగాణ రాష్ట్రం కోసం ప్రాణం విడిచిన ఆమె కొడుకు శ్యాంసుందర్ పేరు ఇన్నేళ్లయినా ఏ జాబితాలోనూ ఎక్కలేదు. "ఒక్కపారన్న మావోని బొమ్మకు దండ పడంగ సూడాలె బిడ్డా" అని ఆమె అడిగింది. ఎల్లేశం మాటిచ్చాడు.

సిరిసిల్లలో శ్యాంసుందర్, ఎల్లేశం ఇద్దరూ మరమగ్గాల సాంచాల చప్పుడులో కలిసి పెరిగారు. ఎల్లేశం పట్నమొచ్చి టైలరయ్యాడు. ఉద్యమంలో భుజాల మీద చేతులేసుకుని దిగిన ఫోటో ఒక్కటే మిగిలింది. దాన్ని ఫ్లెక్సీ షాపు భానుచందర్‌కు ఫోన్లో పంపాడు. ఒకరు అమరుడు శ్యాంసుందర్, ఒకరు ఆహ్వానించే ఎల్లేశం అని రాశాడు. ఎవరు ఎవరో రాయలేదు.

ఏడింటికి దుకాణం తెరిచేసరికి, కుట్టడానికి జాకెట్ ముక్క ఇచ్చిన సుమలత నిలబడి ఉంది.

"అన్నా, ఉన్నవా?"

"ఉండక యాడికి పోత?"

"గల్లీ మొదట్ల నీ బొమ్మకు దండేసిన్రు. జాకెట్ ముక్క వాపసు తీస్కపోదామని వచ్చిన."

ఫ్లెక్సీ మీద అక్షరాలు ఎవరు చదువుతారు? మొహానికి దండ ఉంటే చాలు. ఇంతలో సిరిసిల్ల నుంచి బామ్మర్ది ఏడుస్తూ ఫోన్ చేశాడు.

"బావా, ఫోన్ల నీ దండ బొమ్మ వచ్చింది, నువ్వు పోయినవట! నలభైమందిమి బస్సెక్కినం!"

"మరి గిప్పుడు ఫోనెత్తింది ఎవర్రా?"

బామ్మర్ది ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఎల్లేశం భానుచందర్‌కు ఫోన్ చేశాడు.

"నాకేం ఎర్కనన్నా? ఒకడు మస్తు నవ్వుతుండు, ఒకడు మూతి ముడుసుకున్నడు. అమరుడు నవ్వడు గద!"

"సచ్చేదాక నవ్విందే వాడురా" అన్నాడు ఎల్లేశం.

నిచ్చెన తీసుకుని పరుగెత్తాడు. కాలనీ అధ్యక్షుడు సూర్యనారాయణ గారు అడ్డొచ్చారు.

"ఏంటండీ, తీసేస్తారా? పదింటికి మౌనం పెట్టుకున్నాం. ఫ్లెక్సీ లేకపోతే ఎవరికి పాటిస్తామండీ? మీ పండగే కదా, కాస్త సర్దుకోండి."

"మా పండుగ గాబట్టే తీస్తున్న సార్. సచ్చి రాష్ట్రం తెచ్చినోడు వాడు. వాని జాగల నేనెట్లుంట?"

ఎల్లేశం నిచ్చెనెక్కి మొదటి ముడి విప్పేసరికి మంగవ్వ తనే ఆటో దిగింది. తలెత్తి చూసింది. "ఆహ్వానించువారు" అన్న చోట ఆమె కొడుకు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పక్కన దండ కింద ఎల్లేశం.

"అవ్వా, తప్పు పడ్డది. జర ఆగు, దించుతున్న."

ఆమె దగ్గరికొచ్చి నిచ్చెన పట్టుకుంది.

"దించకు బిడ్డా" అంది. "దండ సూద్దామనే వచ్చిన. గని మావోడు బతికున్నోళ్ల దిక్కు నిలవడి అందర్ని పండుగకు పిలుస్తుండు. గీ ఒక్క పొద్దు గట్లనే ఉండనియ్. నీకేమన్న కష్టమా?"

ఎల్లేశం ముడి మళ్లీ బిగించి కిందికి దిగాడు.

పదింటికి అందరితోపాటు తన బొమ్మ ముందు తల వంచి నిలబడ్డాడు. రెండు నిమిషాల మౌనమని ప్రకటించిన సూర్యనారాయణ గారు, ఎండ ఎక్కువగా ఉందని ఒక్క నిమిషానికే ముగించారు.