సారన్న తెరచాప

పెట్రోలు తాగని, గడ్డి మేయని బండిని రాష్ట్రంలోనే తొలిసారిగా తమ స్వహస్తాలతో నడపబోతున్నట్టు నియోజకవర్గ ఇన్‌చార్జి సారన్న 2008 వేసవిలో ప్రకటించారు. విలేకరిగా ఇంత ధైర్యమైన ప్రకటన నేను వినలేదు. ఆయనకు సైకిల్ తొక్కడం కూడా రాదు.

బండి చేసింది ఫైనలియర్ ఇంజనీరింగ్ విద్యార్థిని అరుణశ్రీ, ఆమె జట్టు. మూడు ఆటో చక్రాలు, ఇనుప పైపులు, సీటు వెనక తెరచాప. గాలి తోస్తే నేల మీద పరుగెత్తాలి. ప్రాజెక్టుకు మార్కులేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ముందు కదలకపోతే అరుణశ్రీకి ఏడాది పోయినట్టే.

పర్ణశాల దగ్గర గోదావరి ఇసుకలో సారన్న బండి చుట్టూ తిరిగారు. యూరియా సంచులతో కుట్టిన తెరచాప చూసి ముఖం చిట్లించారు.

"నేనెక్కే బండికి సంచులేంది బిడ్డా? తీసెయ్."

"గాలిని పట్టేది అదే సార్."

"గాలి సంగతి తర్వాత. ఎదురొచ్చేటోళ్లకు నా ఫొటో కనబడాలె."

ఫ్లెక్సీల గోపాలు వెంటనే సంచులు కోసి పడేసి, పార్టీ రంగుల్లో సారన్న ఫ్లెక్సీ ఎత్తాడు. కండువాలు ఎగిరిపోయేంత గాలి వీస్తోంది. బండి మాత్రం కదల్లేదు.

అరుణశ్రీ దగ్గరికెళ్లి చూసింది. "ఏందన్నా, గిన్ని తూట్లు?"

"ఫ్లెక్సీ అన్నంక తూట్లు కొట్టాలె గదమ్మా, లేకుంటే గాలికి చినుగుతది. అన్న ముఖం మీద మాత్రం ఒక్కటి గూడ కొట్టలే, చూడు!"

ఇది ఎదుటి పార్టీ కుట్ర అని సారన్న అక్కడికక్కడే తేల్చారు. కార్యకర్తలు బండి తోయబోయారు.

"తోస్తే మార్కులుండవు," అని ఎక్స్‌టర్నల్ పెన్ను మూత పెట్టేశారు.

అరుణశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున వెళ్లి గోపాలు ఆటోలోంచి ఇంకా తూట్లు కొట్టని ఫ్లెక్సీ ఒకటి లాక్కొచ్చింది.

"అమ్మా, అది ఎదుటి పార్టీ అధ్యక్షుడిది! రేపటి సభకు!"

"గాలికి పార్టీ ఏందన్నా?"

సారన్న ఫ్లెక్సీకి వెనకవైపు దాన్ని సుతిలి తాడుతో గట్టిగా కుట్టేసింది. సీట్లో కూర్చున్న సారన్న వెనక్కి చూడలేదు. ముందుచూపున్న నాయకుడు.

ఈసారి బండి లేడిలా దూకింది. బ్రేకు ఎక్కడుందో ఆయన ముందు అడగలేదు. సీట్లోంచి పక్కకు వంగి, మా వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి "ఆపుండ్రి! మీకు దండం పెడ్త!" అని అరుస్తూ గోదావరిలో మోకాలి లోతు నీళ్లలో ఆగారు. ఎక్స్‌టర్నల్ పెన్ను మూత తీసి మార్కులు వేశారు. అరుణశ్రీ గెంతింది.

ముందు నుంచి తీస్తే ఎండ ఎదురవుతుందని నేను ఫొటో వెనక నుంచి తీశాను. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. పైన ఎదుటి పార్టీ అధ్యక్షుడు నవ్వుతున్నారు. కింద సారన్న దండం పెడుతున్నారు.

టిఫిన్ వేళకు పార్టీ ఆయన్ని సస్పెండ్ చేసింది. నాకు చాలా బాధేసింది. భోజనాల వేళకు ఆయన ఎదుటి పార్టీ కండువా కప్పుకున్నారు, బాధ తీరింది.

"నా మనసుల ఏమున్నదో ఈ ఫొటో చూసినంకనే నాకు తెల్సింది," అని ప్రెస్‌మీట్‌లో గద్గద స్వరంతో చెప్పారు.

సాయంత్రం గోపాలు ఆ జంట ఫ్లెక్సీ, కత్తెర పట్టుకుని సారన్న ఇంటికొచ్చాడు. "అన్నా, కుట్టు విప్పి పాత పార్టీది పారేస్త."

సారన్న ఆ ఫ్లెక్సీని ఒకసారి ఇటు తిప్పి చూశారు, ఒకసారి అటు తిప్పి చూశారు.

"విప్పకు గోపాలూ. కుట్టు మంచిగ పడ్డది. గట్లనే ఉండనీ."