నలభైమూడు చేపల పాఠం

ఆ ఉదయం తాన్ పెయ్‌జెన్ టీచరుకు ఉన్నవి రెండే పనులు. ఎనిమిదింటికి పై అధికారుల ముందు ఇంగ్లీషు పాఠం చెప్పడం, అటునుంచి అటే అత్తగారి పుట్టినరోజు భోజనానికి చేప పట్టుకుని వెళ్లడం. పాఠం బాగుందనిపించుకుంటే పదకొండేళ్లుగా అందని సీనియర్ టీచర్ హోదా చేతికొస్తుంది. 'పిక్ అప్' అన్న మాటకున్న నాలుగు అర్థాలను మూడు వారాలుగా పిల్లలచేత బట్టీ వేయించింది. అధికారుల ముందు పరువు పోకుండా, ప్రశ్న వెయ్యగానే అందరూ చెయ్యెత్తాలని, జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలని ఒప్పందం కూడా చేసుకుంది. తనంత జాగ్రత్త మనిషి ఆ ఊళ్లోనే లేదని ఆమె నమ్మకం.

ఆరింటికి బస్సెక్కుతూ, "ఏడున్నరకల్లా బతికున్న చేప ఒకటి స్కూలుకు పట్టుకురా. మర్చిపోయావో, నీ పని చెప్తా!" అని భర్తకు మెసేజీ కొట్టి, ఫోను సంచీలో పడేసింది. ఆ జాగ్రత్త మనిషి మెసేజీ కాస్తా పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పడింది. టీచరు చెప్పాక ఎందుకని అడిగేవాళ్లు అక్కడెవరూ లేరు. "అందింది టీచర్" అని నలభైమూడు జవాబులు వచ్చాయి.

గేటు దగ్గర నలభైమూడు బకెట్లు! "టీచర్, మా చేప చూడండి!" "మాది దానికన్నా పెద్దది!"

హెడ్మాస్టర్ శ్యోంగ్ పరుగెత్తుకొచ్చాడు. "కొంప ముంచావు కదమ్మా! పిల్లల దగ్గర కానుకలు పుచ్చుకుంటే ఉద్యోగాలే పోతాయి. అదిగో, అధికారులు వచ్చేశారు!"

"ఏమిటీ చేపలు?" అన్నాడు పెద్దాఫీసరు.

"పాఠానికి తెప్పించాను సార్," అంది పెయ్‌జెన్. తెప్పించానన్నాక క్లాసులో పెట్టుకోక తప్పలేదు.

ఆమె మొదటి ప్రశ్న వేసింది. బకెట్లు ఒరిగిపోకుండా పిల్లలంతా కుడిచేత్తో పట్టుకున్నారు. నలభైమూడు ఎడమచేతులు లేచాయి. ఎవరిని లేపి జవాబు చెప్పించాలో పెయ్‌జెన్‌కు తోచలేదు. అంతలో ఓ చేప ఎగిరి ఆఫీసరు బూటు మీద పడింది. ఏడాదిగా నోరు విప్పని వెనకబెంచీ పిల్ల మీ లాన్ లేచి, "సార్, ప్లీజ్ పిక్ అప్ ద ఫిష్!" అంది. ఆయన వంగాడు, చేప జారింది, మళ్లీ వంగాడు. "పిక్ అప్! పిక్ అప్!" అని క్లాసంతా అరిచింది. మూడు వారాల్లో నేను చెయ్యలేనిది చేప చేసిందే అని పెయ్‌జెన్ సిగ్గుతో చచ్చిపోయింది.

"పాఠమంటే ఇదీ!" అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. "నీ హోదా ఖాయం. ఎవరి చేప వాళ్ల ఇంటికి పంపించెయ్." నలభైమూడు చేపలూ ఆమె కళ్లముందే ఇళ్లకు వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం బల్ల మీద బాతు ఉంది, నూడుల్స్ ఉన్నాయి. అత్తగారు అంతా కలియజూసి ముఖం ముడుచుకుంది. "చేపేదీ?"

"నాకొక్క మాట చెప్తే తెచ్చేవాణ్ణి కదే!" అన్నాడు భర్త.

సీనియర్ టీచర్ ఎడమచెయ్యి ఎత్తింది.