తిన్నగా కాల్చే తుపాకి

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్ళు మర్నాటికి "చిరంజీవ" అనేంత పెద్ద అడవిలో, సీతాఫలాల కొండకి గుబురయ్య అనే ఎలుగుబంటి కాపలా. బుట్టెడు పండ్లు తగ్గినా కొలువు ఊడుతుందని షరతు. చేతిలో ఒక రైఫిలు, ఫ్యాక్టరీ పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది.

ఆ రైఫిలు బుద్ధి ఏం చెప్పమంటారు! తూర్పుకి గురిపెడితే తూటా ఉత్తరం చుట్టొచ్చి పడమట దిగేది. ఒకసారి సోమవారం పేల్చిన తూటా బుధవారం మధ్యాహ్నం వచ్చి, భోజనానికి కూర్చున్న పులిగారి విస్తట్లో పడింది. అందుకే గుబురయ్య తుపాకి భుజానికెత్తితే చాలు, మూడు కొండల అవతలి కుందేళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని బొరియల్లో దూరేవి. పన్నెండేళ్ళలో ఒక్క పండు పోలేదు.

ఆ ఏడు నక్క నరహరిగారు తనిఖీకి వచ్చారు. చెవి మీద కలం, చంకలో ఫారం.

"గుబురయ్యా, ఇంతవరకూ ఎన్ని తూటాలు గురికి తగిలాయి?"

"ఒక్కటీ లేదు బాబయ్యా. కానీ పండ్లు చూడండి, కొమ్మలు విరిగేట్టు..."

"పండ్ల గడి ఈ ఫారంలో లేదయ్యా. తగిలినవి సున్నా. తలెత్తుకుని ఎలా తిరుగుతున్నావో!"

కొలువు పోయిందే అనుకుని గుబురయ్య, తుపాకి బాగుచేయిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

వడ్రంగిపిట్ట టకటకాచారి వచ్చాడు. నెల్లాళ్ళు ముక్కుతో పనిచేశాడు. గొట్టానికి ఒరుసుకునే చెక్కని తొలిచాడు, మీటని మెత్తబరిచాడు, పైన దుర్భిణి బిగించాడు. పరీక్షకి పేలిస్తే ఆరు కొండల అవతల కునికే దోమ ఎడమ మీసం ఎగిరిపోయింది. కుడివైపు కూడా సమం చేసి పొమ్మని దోమే కబురంపింది.

నరహరిగారు మురిసిపోయారు.

"ఇదివరకు తగిలితే వాడి ఖర్మ. ఇక తగిలితే మన బాధ్యత. కాబట్టి ఎవరిని కొడతావో ముందురోజే బోర్డు మీద పేరు రాయాలి."

గుబురయ్యకి సబబుగానే తోచింది. తోకన్న అనే కోతి పేరు రాశాడు.

తెల్లారేసరికి కొండ మీద ఎనభై కోతులు! ముందు వరసలో కోతులపెద్ద గెంతులమ్మ, రెండు బుగ్గల్లో రెండు పండ్లు.

"మీ దుంపతెగా! చేతిలో తుపాకి కనబళ్ళేదా?"

"ఎందుకు కనబడదు అన్నా? ఇవాళ తోకన్న పేరుంది. వాణ్ణి ఇంట్లో పడుకోమన్నాం. వాడి వాటా మేం పట్టుకెళ్తాం."

గుబురయ్య దుర్భిణి ఆమె ముక్కుకే గురిపెట్టాడు.

"కాస్త పక్కకి తిప్పన్నా, నీడ పడుతోంది. పండిందో లేదో తెలియట్లేదు," అంది గెంతులమ్మ. "నన్నే కొట్టాలని ముచ్చటగా ఉంటే ఎల్లుండికి రాసుకో. ఎల్లుండి ఎలాగూ మా చెల్లెలింటికి వెళ్తున్నా."

నాలుగు రోజుల్లో కొండ బోడిగుండయింది. గుబురయ్య తుపాకి పట్టుకుని పరుగెత్తాడు.

"ఆచారీ, నీకు దణ్ణం పెడతా, దీన్ని మళ్ళీ వంకర చెయ్యి!"

"వంకర తీర్చడమంటే నా ముక్కుకొచ్చు గానీ గుబురయ్యా, అంత నిండైన వంకర నావల్ల ఏమవుతుంది? అది ఫ్యాక్టరీవాళ్ళ పనితనం!"

మర్నాడు నరహరిగారు ఫారం నింపారు: తప్పిన తూటాలు, సున్నా. ఆయనకి పెద్ద కుర్చీ ఇచ్చారు. కాయడానికి పండు లేదు కనక గుబురయ్యని ఇంటికి పొమ్మన్నారు.

కాబట్టి తెలుసుకోండి నాయనలారా: పనిచేసే తుపాకికి ఒక్కడే జడుస్తాడు, పనిచెయ్యని తుపాకికి అడవంతా జడుస్తుంది.