వాగు మధ్య గీత

ఆ పొద్దున సోమ్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. తునికాకు కోతకు పోతున్నానని ఇంట్లో చెప్పాలి. వాగులోకి దిగాలి. ఒకే ఒక్కసారి కబడ్డీ కూతకు పోయి రావాలి. ఎండ ముదరకముందే నాలుగు కట్టల ఆకు కోసుకుని, ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి.

ఆ ఒక్క కూత కోసం ఆమె ఏడాదికి పైగా ఎదురుచూస్తోంది. తొమ్మిదో తరగతిలో ఉండగా టేకులపల్లిలో మండలం ఆటలు జరిగాయి. ఫైనల్లో రెండు జట్ల పాయింట్లూ సమానమయ్యాయి. చివరి కూత సోమ్లిది. గీత మీద కాలు పెట్టి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎదురుగా ఆశ్రమ పాఠశాల జట్టు నాయకురాలు వనజ చేతులు చాచి, కన్నార్పకుండా నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో సారు చెవి దగ్గర ఫోనుతో మైదానంలోకి పరుగెత్తుకొచ్చాడు. కరోనా అట, బళ్లు బంద్ అట, ఎక్కడి పిల్లలు అక్కడికి పోవాలట. అందరూ పోయారు. పీల్చిన గాలి మాత్రం సోమ్లి గుండెల్లోనే ఉండిపోయింది.

తర్వాత బడి తెరిచారు, మళ్లీ మూశారు. పరీక్షలు లేకుండానే పదో తరగతి పాస్ చేశారు. తండాలో అందరూ సంబరపడ్డారు. సోమ్లికి మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టుండేది. రేషన్ బియ్యానికి పోయినప్పుడల్లా బడి గోడ దగ్గర ఆగి చూసేది. కబడ్డీ ఆడిన చోట మోకాలెత్తు గడ్డి పెరిగింది, అందులో ఎవరివో మేకలు మేస్తున్నాయి. బళ్లు మళ్లీ తెరిచినా తను ఇక ఆ బడి పిల్ల కాదు. ఆ జట్టు తనది కాదు.

ఒకనాడు ఉండబట్టలేక వ్యాయామం టీచరు ప్రమీలారాణికి ఫోన్ చేసింది.

"మేడం, ఆటలు పెడ్తరా?"

"పెట్టొచ్చా, పెట్టొద్దా అని పెద్దోళ్లు ఇంకా మాట్లాడుతనే ఉన్నరే. దూరం దూరంగ ఆడే ఆటలైతే ఆడొచ్చట. చెస్సు ఆడుతవా?"

"దూరంగుంటే కాలెట్ల పట్టుకుంటరు మేడం?"

"అదే కదనే నా బాధ," అని నిట్టూర్చింది ప్రమీలారాణి. ఆమె విజిల్ కూడా ఏడాదిగా మేకుకు వేలాడుతోంది. "మొత్తానికి ఊరు దాటొద్దు. అదొక్కటి యాదిపెట్టుకో."

సోమ్లి యాదిపెట్టుకుంది. ఆ మాట మీదే పథకం పుట్టింది. కుంటతండాకూ వనజ వాళ్ల మద్దిగూడేనికీ మధ్య రోళ్లవాగు ఉంది. రెండు ఊళ్ల పొలిమేర అదే. రోగం వచ్చినప్పటి నుంచి రెండు ఊళ్లవాళ్లూ దారికి అడ్డంగా ముళ్లకంప వేసి, వంతులవారీగా కావలి కాస్తున్నారు. పరాయి ఊరివాళ్లు అడుగుపెడితే మద్దిగూడెం బడిలో రెండు వారాలు ఉంచాల్సిందే. కానీ వేసవిలో వాగు ఎండి మెత్తటి ఇసుక తేలుతుంది, అక్కడ కంప లేదు. ఆ ఇసుకలో, సరిగ్గా పొలిమేర మీద నడిమి గీత గీస్తే ఎవరి జట్టు వాళ్ల ఊళ్లోనే ఉంటుంది.

"మరి కూతకొస్తే మా ఊళ్లకు వచ్చినట్టే కదనే?" అంది ఫోన్లో వనజ.

"ఒక్క ఊపిరి మీద వచ్చి పోత. కూత ఆపకుండ వచ్చి పోయేదానికి కరోనా అంటడానికి టైమేడిది?"

వనజ కాసేపు ఆలోచించింది. సైన్సులో ఆమెకు మంచి మార్కులే వచ్చేవి, కానీ ఆమె కూడా ఏడాదిగా చేతులు చాచి నిలబడే ఉంది.

"రా మరి," అంది. "నీ కాలు ఇరగ్గొట్టకపోతే నా పేరు వనజే కాదు."

పొద్దు పొడిచేసరికి రెండు జట్లూ వాగులో దిగాయి. పొయ్యిబూడిదతో గీత గీశారు. ఇటు తండా పిల్లలు, అటు గూడెం పిల్లలు. సోమ్లి గీత మీద కాలు పెట్టింది. ఇసుక చల్లగా ఉంది. గాలి పీల్చుకుని, "కబడ్డీ కబడ్డీ" అంటూ దూకింది. ఒకమ్మాయి భుజం తాకింది. వెనక్కి తిరిగేలోపు వనజ చీలమండ అందుకుంది. మిగతావాళ్లు మీద పడ్డారు. సోమ్లి కూత ఆపకుండా ఇసుకలో పాకుతూ గీత వైపు చెయ్యి చాచింది. ఇంకో జానెడు ఉంది.

ఆ జానెడులోకి ఒక కర్ర వచ్చి దిగబడింది.

ఆ రోజు మద్దిగూడెం కావలి వంతు లచ్చయ్య తాతది. ముక్కుకు తువాలు కట్టుకుని, పరాయివాళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న మనిషి. పొరుగూరి పిల్ల వాగు దాటి చొరబడడం, తమ ఊరి ఆడపిల్లలు ప్రాణాలకు తెగించి ఆమెను పట్టుకోవడం ఆయన కళ్లారా చూశాడు.

"శభాష్ బిడ్డా! ఇడవకుండ్రి! గట్టిగ పట్టుండ్రి!" అని అరిచాడు. తర్వాత సోమ్లి రెక్క పట్టుకుని అడిగాడు. "ఎవరి పిల్లవే నువ్వు?"

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ," అంది సోమ్లి. కూత ఆపితే అవుటవుతుంది.

"ఏ ఊరే?"

"కబడ్డీ కబడ్డీ."

"అయ్యో, జ్వరం తలకెక్కినట్టుందిరో ఈ పిల్లకు!" అని లచ్చయ్య గుండె బాదుకున్నాడు.

ఊపిరి అయిపోయాక సోమ్లి నోరు విప్పి, "తాతా, నీ కర్ర అడ్డమొచ్చింది. ఈ కూత చెల్లదు," అంది. "చెల్లుద్ది," అంది వనజ కాలు వదలకుండానే. లచ్చయ్యకు అర్థమైంది ఒక్కటే. పరాయి పిల్ల ఊళ్లోకి వచ్చింది. కట్టడి ప్రకారం బడిలో ఉండాలి. ఆమెను ముట్టుకున్నవాళ్లు కూడా ఉండాలి. అందరినీ ముందు పెట్టుకుని గొర్రెల్ని తోలినట్టు బడికి తోలాడు. తలుపు దగ్గర వనజ వెనక్కి తిరిగింది.

"తాతా, నువ్వు కూడ దాని రెక్క పట్టినవ్ కదా?"

లచ్చయ్య తన చేతుల్ని చూసుకున్నాడు. కట్టడి పెట్టాలని పంచాయితీలో పట్టుబట్టింది ఆయనే. ఇంటి నుంచి దుప్పటి తెమ్మని కేకేసి లోపలికి నడిచాడు.

అవతల తండాలో సంగతి ఇంకో రకంగా చేరింది. సోమ్లి జట్టు పిల్లలు ఆయాసపడుతూ, "లచ్చయ్య తాత సోమ్లిని పట్కపోయిండు," అన్నారంతే. సోమ్లి తండ్రి జైరాం తలపాగా బిగించి, ఒక్క ఉరుకున వాగు దాటి బడి ముందుకొచ్చాడు.

"నా బిడ్డ ఏం తప్పు చేసిందే లచ్చయ్యా? ఏం దొంగతనం చేసిందే?"

"ముందుగాల నువ్వు ఏ ఊళ్ల నిలబడ్డవో చూసుకో జైరాం," అన్నాడు లచ్చయ్య కిటికీలోంచి.

జైరాం కిందికి చూసుకున్నాడు. వెనక్కి పోదామంటే తండావాళ్లు అప్పటికే కంప దగ్గర కర్రలతో నిలబడి ఉన్నారు. "నువ్వు ఆ ఊరు పొయ్యొచ్చినవ్, ఈడికి రాకు," అని తన సొంత అన్నే అరిచాడు. జైరాం కూడా లోపలికి పోయాడు.

సాయంత్రానికి తండా పెద్దలు మిగతా జట్టును నిలబెట్టి అడిగారు. "మీరు గూడెం పిల్లల్ని ముట్టుకున్నరా?"

నిజానికి వాళ్ల వంతే రాలేదు. కానీ వాగు మీద గాలికి, బడి వాకిలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ బడి ముందు చదునైన జాగా ఉందని వాళ్లందరికీ తెలుసు.

"ముట్టుకున్నం," అన్నారు ఒక్కసారిగా. ఒక పిల్ల అయితే కావలించుకున్నానని కూడా చెప్పింది. తండాలో ఉంచడానికి బడి లేదు కాబట్టి వాళ్లనూ అక్కడికే పంపారు.

మర్నాడు ప్రమీలారాణి స్కూటీ మీద వచ్చింది. తన జట్టు పిల్లల్ని విడిపించుకుపోదామని కంప సందులోంచి దూరి నాలుగు అడుగులు వేసింది. ఆ నాలుగు అడుగులే చాలాయి, ఆమెనూ బడిలోకే పంపారు. మెడలో విజిల్ ఎందుకు వేసుకొచ్చిందని ఎవరో అడిగితే, అలవాటు అంది.

లోపల ఆ రోజంతా ఆట మీద వాదన నడిచింది.

"రోగం దినాలల్ల ఆటలేంది మేడం? పాణం ముఖ్యమా, ఆట ముఖ్యమా?" అన్నాడు లచ్చయ్య.

"పాణమే ముఖ్యం. అందుకే అందర్ని లోపలేసినవ్," అంది ప్రమీలారాణి. "ఇప్పుడు ఒక్క పళ్లెంల తిన్నట్టే ఉన్నం. ఇగ కొత్తగ ఎవరికేం అంటుతది?"

లచ్చయ్య నర్సమ్మ శ్రీదేవికి ఫోన్ చేసి అడిగాడు. "లోపలోళ్లు బయటికి రావద్దు, బయటోళ్లు లోపలికి పోవద్దు. అంతే. నాకు ఇంకా ఇరవై ఊళ్లున్నయ్ తాతా," అని ఆమె పెట్టేసింది. కబడ్డీ గురించి ఆ మాటల్లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆట మొదలైంది. రెండు ఊళ్లవాళ్లూ కంపల వెనక, చెట్ల మీద, ట్రాక్టరు ట్రాలీల మీద దూరం దూరంగా నిలబడి చూశారు. మండలం ఫైనల్‌కు కూడా అంతమంది రాలేదు. జైరాం తన బిడ్డ ఆట చూడడం అదే మొదటిసారి. రాత్రి అన్నం తినేటప్పుడు ఆమె కంచంలో ఇంకో ముద్ద వేశాడు.

ఆగిపోయిన ఆ చివరి కూత మాత్రం సోమ్లి పెట్టలేదు. "రేపు మేడం," అనేది. రేపు వస్తే మళ్లీ రేపు అనేది. ఇన్నాళ్లు మోసిన ఊపిరిని వదిలేస్తే లోపల ఏం మిగులుతుందో ఆమెకు తెలియలేదు. చివరికి రెండు వారాలు నిండి, శ్రీదేవి మర్నాడు వస్తుందని కబురొచ్చింది. ఇక రేపు లేదు.

ఆ సాయంత్రం గీత మీద కాలు పెట్టింది. కూత మొదలుపెట్టి నేరుగా వనజ మీదికే పోయింది. భుజం తట్టింది. వనజ నడుము పట్టింది, జారింది, మోకాలు పట్టింది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. సోమ్లి వేళ్లు గీతను తాకాయి. విజిల్ మోగింది.

తండావైపు నుంచి కేకలు, ఈలలు. సోమ్లి అక్కడే వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ ఊపిరి వదిలింది. ఎంతసేపు వదిలినా వస్తూనే ఉంది. లేచి చూస్తే వనజ ఇంకా గీత అవతలే కూర్చుని ఉంది. గీతను చూస్తోంది. ఆ చూపు సోమ్లికి బాగా తెలుసు. ఏడాదిగా అద్దంలో చూస్తున్నదే.

మర్నాడు పొద్దున్నే శ్రీదేవి వచ్చి వాకిట్లో నిలబడింది. పరీక్ష కిట్లు అయిపోయాయని, లక్షణాలు లేనివాళ్లు ఇళ్లకు పోవచ్చని చెప్పింది. వాకిట్లో ఎవరూ కదలలేదు.

"ఎవరికన్న ఒళ్లునొప్పులు? ఆయాసం?"

ముందుగా వనజ చెయ్యెత్తింది. ఆమె మోచేతులు నిజంగానే నొప్పి పెడుతున్నాయి. సోమ్లి ఆమె వైపు చూసి తనూ ఎత్తింది. తర్వాత రెండు జట్లూ ఎత్తాయి. ప్రమీలారాణి నడుము పట్టుకుని చెయ్యెత్తింది. జైరాం కాసేపు తటపటాయించి, ఎడమచెయ్యి ఎత్తాడు.

శ్రీదేవి ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇంకో వారం ఉండాల్సిందే మీరు," అంది. ఆ మాటకు అన్ని ముఖాలు ఒక్కసారి ఎందుకు వెలిగాయో ఆమెకు అర్థం కాలేదు. కట్టడి కోసం పట్టుబట్టిన పెద్దమనిషి అయినా ఇంటికి పోతాడని లచ్చయ్య వైపు తిరిగింది.

"నువ్వు బాగనే ఉన్నవ్ కదా తాతా?"

"గొంతు నొప్పి," అన్నాడు లచ్చయ్య బొంగురుగా.

అది ఎవరి జట్టు కోసం అరిచిన నొప్పో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.